ఫోనేమో గోల్డెన్‌రాడ్ అంటోంది

(కడపలో డిగ్రీ వృక్షశాస్త్రం విద్యార్థులు మొక్కలు చూడ్డానికి సిద్ధవటం వైపు బయల్దేరే ముందు, రిటైరైన లెక్చరర్ ఒకరు వాళ్ళతో మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీ వాళ్ళకి వినిపిస్తోందా? ఇన్నేళ్ళూ మైకు లేకుండానే పాఠం చెప్పాను, ఇప్పుడు చేతిలో పెడితే నాకే టెన్షన్‌గా ఉంది. సరే, ఉండనీయండి.

బస్సుకి ఇంకా ముప్పావుగంట టైముందన్నారు. ఏం మాట్లాడాలా అనుకుంటూ వస్తుంటే గేటు దగ్గర మీ క్లాసు పిల్లవాడే ఒకడు ఎదురొచ్చాడు. పేరు చెప్పను, సిగ్గుపడతాడు. "మేడమ్, నిన్న పెన్న ఒడ్డున ఒక మొక్క చూశాను, ఫోనులో యాప్‌కి చూపిస్తే గోల్డెన్‌రాడ్ అంటోంది, కెనడా గోల్డెన్‌రాడ్" అన్నాడు. కడపలో కెనడా మొక్క! వాడి మొహంలో సంతోషం చూస్తే కాదనబుద్ధి కాలేదు. ఫోను లోపల పెట్టెయ్, మొక్క తెచ్చావా అన్నాను. తెచ్చాడు, పాపం, న్యూస్‌పేపర్లో చుట్టి. ఇదిగో, ఈ టేబుల్ మీదుంది. ఇది గోల్డెన్‌రాడ్ అవునో కాదో ఇప్పుడే చెప్పను. వెళ్ళేలోపు మీరే చెప్తారు.

ముందు గోల్డెన్‌రాడ్ అంటే ఏమిటో చూద్దాం. మీరందరూ చూసిందే. పెళ్ళి స్టేజీ మీద, బొకేల్లో, గులాబీల మధ్య సందులు పూడ్చడానికి సన్నటి పసుపు పూల కొమ్మలు గుచ్చుతారు చూడండి, అది. పూల కొట్టతన్ని అడిగితే బెంగళూరు నుంచి వస్తుంది మేడమ్ అన్నాడు. అక్కడ పూలకోసమే సాగు చేస్తారు. కానీ దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. శాస్త్రీయ నామం సాలిడాగో. నూటికి పైగా రకాలున్నాయి, ఎక్కువ భాగం అక్కడివే. యూరప్‌లో ఒకటి బాగా తెలిసిన రకం ఉంది, అది మన హిమాలయాల్లో కూడా దొరుకుతుంది. కడపలో మాత్రం కొండా గుట్టల్లో తనంతట తాను మొలిచేది కాదు. ఇది మొదటి అనుమానం. రాసుకోండి. మొక్క పేరు కన్నా ముందు, అది ఎక్కడ నిలబడి ఉంది అన్నది అడగాలి.

సాలిడాగో ఆస్టరేసీ కుటుంబంలోది. మీ పుస్తకంలో శీర్షవద్విన్యాసం అని ఒక మాట ఉంటుంది, పరీక్షకి బట్టీ పట్టి మర్చిపోయి ఉంటారు. మర్చిపోండి, పర్వాలేదు. ఇంట్లో దసరాకి తెచ్చిన బంతిపువ్వు ఒకటి తీసుకుని విప్పండి. మనం రేకు అనుకునేది రేకు కాదు, ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు. దాని అడుగున నల్లటి సూది ఉంటుంది, అదే విత్తనం. అంటే ఒక బంతిపువ్వు ఒక ఊరు. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడిలో పొద్దుతిరుగుడు చూసే ఉంటారు, అది పెద్ద ఊరు. చుట్టూ పసుపు రేకులు ఊరి పొలిమేర, మధ్యలో వందల పూలు. గోల్డెన్‌రాడ్ పువ్వు కూడా అలాంటి ఊరే, కానీ మరీ చిన్న పల్లె. ఎత్తు మూడు మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. అలాంటి పల్లెలు ఒక కొమ్మకి వందలు. దూరం నుంచి చూస్తే పసుపు పొడి చల్లినట్టుంటుంది. పది రెట్ల లెన్సు లేకుండా దాని దగ్గరికి పోవద్దు.

నాకు గోల్డెన్‌రాడ్ పరిచయం అయింది మా అమ్మాయి వల్ల. అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. పోయిన ఏడాదికి ముందు ఏడాది సెప్టెంబరులో వెళ్ళాను. అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులకి అక్కడ ఉండే పనేమిటో మీకు తెలుసు, మనవడిని స్కూలు బస్సు ఎక్కించడం, సాయంత్రం దించుకోవడం, మధ్యలో వాకింగ్. (నవ్వులు) ఆ వాకింగ్ దారికి రెండు వైపులా నా భుజం ఎత్తున ఇవే పూలు. ఎంత బావుందో. ఐదో రోజుకి నాకు తుమ్ములు. ఆగని తుమ్ములు, కళ్ళు ఎర్రబడి నీళ్ళు. మా అమ్మాయి "నీకు ఆ పసుపు పూల అలర్జీ అమ్మా, అటువైపు పోకు" అంది. అక్కడ చాలామంది అనుకునేది అదే.

తప్పు. పాపం ఆ పూలు ఏ తప్పూ చెయ్యలేదు. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. తేనెటీగ కాలికో, సీతాకోకచిలుక ఒంటికో అంటుకుని పోవాలి తప్ప గాలికి లేవదు. అసలు పువ్వు అంత పసుపుగా మెరవడం పురుగుల్ని పిలవడానికే కదా. గాలిని నమ్ముకున్న మొక్కకి రంగు ఎందుకు? అసలు దొంగ పక్కనే ఉంది. రాగ్‌వీడ్, శాస్త్రీయంగా ఆంబ్రోసియా. అదే దారిలో, అదే నెలలో పూస్తుంది. పువ్వు పచ్చగా, ఆకు రంగులోనే ఉంటుంది, ఎవరి కంటా పడదు. ఒక్క మొక్క సీజనుకి వంద కోట్ల దాకా పుప్పొడి రేణువులు గాల్లోకి వదులుతుందని లెక్క. కనపడే దాని మీద నింద, కనపడనిది హాయిగా ఉంది. ఇళ్ళల్లో కూడా అంతే కదా, గట్టిగా మాట్లాడే కోడలికే చెడ్డపేరు. (నవ్వులు)

ఆ రాగ్‌వీడ్‌ని దగ్గరగా చూసినప్పుడు నాకు ఎవరో తెలిసిన మనిషి మొహంలాగా అనిపించింది. చీలిన ఆకులు, ఆ మురికి పచ్చ. ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే అర్థమైంది. మన వయ్యారిభామ, మీరు కాంగ్రెస్ గడ్డి అంటారే, పార్థీనియం, అది రాగ్‌వీడ్‌కి దగ్గర చుట్టం. ఒకే ఉపతెగ. గొర్రెల ఉన్నికి పట్టుకుని వదలని ముళ్ళకాయల మరులమాతంగి ఉంది కదా, అది కూడా ఆ ఇంటి మనిషే. వయ్యారిభామ 1955-56 ప్రాంతంలో పుణె దగ్గర జనం కంటబడింది. అమెరికా నుంచి పి.ఎల్.480 అనే ఆహార సాయం కింద వచ్చిన గోధుమలతో వచ్చిందని చెప్తారు. ఇప్పుడు కడపలో అది లేని ఖాళీ స్థలం నాకు చూపించండి, టీ ఇప్పిస్తాను. దాన్ని తినే పురుగుని, జైగోగ్రామా అనే చిన్న పెంకు పురుగుని, మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు. వానలు పడ్డప్పుడు ఆకుల మీద లేత పసుపు ఒంటి మీద ముదురు చారలతో కనిపిస్తుంది, ఈరోజు వెతకండి. వయ్యారిభామని మాత్రం వట్టి చేతుల్తో పీకద్దు. చర్మం పడనివాళ్ళకి దద్దుర్లు వచ్చి నెలల తరబడి తగ్గవు.

సరే, గోల్డెన్‌రాడ్ దగ్గరికి వద్దాం. నూటికి పైగా రకాలు, దాదాపు అన్నీ పసుపు. తెల్లగా పూసేది కూడా ఉంది, బైకలర్ అని. ఇన్ని రకాల్లో ఏది ఏదో ఎలా చెప్తారు? నేను అక్కడ పదకొండు వారాలున్నాను. మొదటి రెండు వారాలు పూలు చూస్తూ కూర్చుని ఏమీ నేర్చుకోలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. పువ్వుని వదిలేసి మిగతా మొక్కని చూడ్డం మొదలుపెట్టాక దారి దొరికింది. మీకు ఈరోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా ఉదాహరణలు.

దూరం నుంచే చూడగలిగేది పూల కొమ్మ ఆకారం. నేను నా నోటుబుక్‌లో ఇంగ్లీషు మాటలు రాసుకోలేదు, మన కంకుల పేర్లు రాసుకున్నాను. కొన్ని రకాల్లో కొమ్మ పైకి నిటారుగా, దట్టంగా, సజ్జ కంకిలాగా ఉంటుంది. కొన్నిటిలో చివర ఒక పక్కకి వంగి, కొర్ర కంకి బరువుకి తల వాల్చినట్టు ఉంటుంది. గ్రే గోల్డెన్‌రాడ్ అలాంటిది, శాస్త్రీయంగా నెమోరాలిస్. ఎండు నేలలో, మోకాలెత్తున, ఒళ్ళంతా బూడిద రంగు నూగుతో ఉంటుంది. మన చెల్కల్లో ఉంటే బాగా బతికేది అనిపించింది. ఇక ఎక్కువగా కనిపించే పొడుగు రకాల్లో పక్కకొమ్మలు విల్లులా వంగి, పూలన్నీ కొమ్మకి పైవైపే కూర్చుంటాయి, కరెంటు తీగ మీద పిచ్చుకల్లాగా. కిందివైపు ఒక్కటీ ఉండదు. అడవి నీడలో పెరిగేవి ఇంకో తీరు. చివర కంకే ఉండదు, ఆకు ఆకుకీ పంగలో చిన్న గుత్తి, కనకాంబరాల దండ కట్టినట్టు కాండం పొడుగునా. అందులో సీసియా అనేదాని కాండం మీద నీలి ఛాయ ఉంటుంది. ఫ్లెక్సికాలిస్ అనేదాని కాండం ప్రతి ఆకు దగ్గరా కొంచెం మలుపు తిరుగుతుంది, పాము నడకలా, ఆకులు వెడల్పు. మరి కొన్నిటికి పూలన్నీ ఒకే మట్టంలో, బల్లపరుపుగా ఉంటాయి. అలా పైన చదునుగా ఉండి ఆకులు గడ్డిపోచల్లా సన్నగా ఉంటే, అది ఇప్పుడు సాలిడాగో కూడా కాదు. యుథామియా అని వేరే ఇంటిపేరు పెట్టారు. మేం చదువుకున్నప్పుడు అది సాలిడాగోనే. పెళ్ళయిన ఆడపిల్లకే కాదు, మొక్కలకీ ఇంటిపేర్లు మారుతుంటాయి.

తర్వాత ఆకు. ఆకు కోసేటప్పుడు మొక్క కింది భాగం నుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి తీసుకోవాలి. నెమోరాలిస్‌లో అడుగున పెద్ద ఆకులు, పైకి పోయేకొద్దీ చిన్నవి. కెనడా గోల్డెన్‌రాడ్‌లో, దాని అన్నదమ్ముల్లో, అడుగు ఆకులు ఎండి రాలిపోతాయి, కాండం మధ్యన ఆకులన్నీ దాదాపు ఒకే సైజు. ఆకు తిప్పి ఈనెలు చూడండి. రేగు ఆకు చూశారు కదా? మధ్య ఈనెకి రెండు పక్కలా ఇంకో రెండు, మొత్తం మూడు ఈనెలు మొదలు నుంచి చివరికి పోతాయి. కెనడా రకం కుటుంబంలో కూడా అలాగే మూడు ఈనెలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రుగోసా అని ఇంకోటి ఉంది, దూరానికి కెనడా రకంలాగే ఉంటుంది, కానీ ఆకు మీద ఈనెలు వల అల్లినట్టు, ముడతలు ముడతలుగా. చేత్తో ముట్టుకుంటేనే తేడా తెలిసిపోతుంది.

ఈ ముట్టుకోవడం దగ్గరే నా పరువు పోయింది. చెప్తాను. (నవ్వులు)

ఒక నెల గడిచాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. దారిలో పొడుగాటి మొక్కల గుంపు ఒకటి, మూడు ఈనెలు, పూలు పైవైపు. మనవడి స్నేహితుల తల్లులు ఇద్దరు పక్కనున్నారు. "ఇది ఆల్టిస్సిమా, పొడుగు గోల్డెన్‌రాడ్" అని దర్జాగా చెప్పాను. అటుగా కుక్కతో నడిచిపోతున్న ఒక పెద్దావిడ ఆగింది. నాకన్నా పెద్దది, డెబ్బై అయిదు ఉండొచ్చు. ఏమీ అనలేదు. నా చెయ్యి పట్టుకుని ఆ కాండం మీద పెట్టింది, కిందినుంచి పైకి నిమరమంది. నున్నగా ఉంది. పూల దగ్గరికి వచ్చేదాకా ఒక్క నూగు లేదు. వేలికి తెల్లటి పొడిలాంటిది అంటింది, ద్రాక్షపండు మీద ఉంటుంది చూడండి, అలాంటిది. పది అడుగుల అవతల ఇంకో గుంపు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ కాండం గరుకుగా, నూగుతో. నున్నటిది జైగాంటియా. గరుకుది ఆల్టిస్సిమా. అంతసేపూ నేను కాండాన్ని చూశానే కానీ తాకలేదు. జీవితమంతా పిల్లలకి ప్రాక్టికల్స్ చేయించినదాన్ని. ఆవిడ నవ్వి కుక్కని తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి రోజూ ఆ టైముకి అక్కడే ఉండేదాన్ని, ఆవిడ కోసం.

ఆవిడ దగ్గరే ఇంకో కిటుకు నేర్చుకున్నాను. కాండం మధ్యలో గోలీకాయంత బొడిపె. పూలు లేకపోయినా, శీతాకాలంలో మొక్క ఎండిపోయినా అది అలాగే నిలబడి ఉంటుంది. ఒక ఈగ, యూరోస్టా, కాండంలో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపల తింటూ ఉంటే మొక్క దాని చుట్టూ గుండ్రటి ఇల్లు కట్టేస్తుంది. చలికాలమంతా పురుగు అందులోనే. వడ్రంగిపిట్ట వచ్చి దానికి కన్నం పెట్టి తింటుంది. ఈ ఈగ అన్ని గోల్డెన్‌రాడ్‌ల మీదా వాలదు, ముఖ్యంగా ఆల్టిస్సిమా, జైగాంటియాల మీదే. కాబట్టి గుండ్రటి బొడిపె కనిపిస్తే రకాల లిస్టు ఒక్కసారిగా రెండు మూడుకి తగ్గిపోతుంది. బొడిపె గుండ్రంగా కాకుండా కోలగా, కండెలాగా ఉంటే అది వేరే పురుగు, ఒక చిమ్మట. మనం తడుముకుంటుంటే ఈగ ఎప్పుడో గుర్తుపట్టేసింది. ఇందులో వింతేమీ లేదు, మన కానుగ చెట్టు ఆకుల మీద వేళ్ళలాగా బొడిపెలు చూడలేదూ? కాలేజీ గేటు పక్కనే ఉంది చెట్టు. అవి కానుగ మీదే బతికే ఒక కంటికానని నల్లి పని. ఆకు చెడిపోయిందని పారెయ్యకండి, అది కూడా గుర్తే.

వాసన కూడా ఉంది. ఒడోరా అనే రకం ఆకు నలిపితే సోంపు వాసన. హోటల్లో భోజనమయ్యాక బిల్లుతో పాటు ఇస్తారే, అదే వాసన. లెన్సుతో వెలుతురుకి పట్టుకుంటే ఆకు నిండా సూదిమొన చుక్కలు. అమెరికా వాళ్ళు బ్రిటిష్ టీని వద్దనుకున్న కాలంలో ఈ ఆకులు కాచుకుని తాగారట. సముద్రపు ఒడ్డున ఉప్పు నీళ్ళ పక్కన పెరిగేది ఇంకొకటి, సెంపర్‌వైరెన్స్. దాని ఆకు దళసరిగా, మన గంగపాయల ఆకులా రసంగా ఉంటుంది. చోటు, తాకుడు, వాసన. ఇంతవరకు పువ్వు గురించి ఒక్క మాటైనా అన్నానా? చివరన అంటాను. పువ్వు దగ్గర చూడవలసింది పైన కాదు, కింద. ఆ చిన్న గిన్నెలా ఉండే పచ్చటి పొలుసులు ఎన్ని వరసలు, ఎంత ఎత్తు, అంచు రేకుల్లాంటివి ఎన్ని, లోపల ఎన్ని. విత్తనానికి జుట్టు ఉందా లేదా. జిల్లేడు విత్తనంలా అంత పెద్దది కాదు కానీ గోల్డెన్‌రాడ్ విత్తనానికి కూడా తెల్లటి జుట్టుంటుంది, గాలికి ఎగిరేందుకు. పుప్పొడి ఎగరదు, విత్తనం ఎగురుతుంది. రెండిటినీ కలిపేయకండి.

ఇంత చూసినా కొన్నిసార్లు తేలదు. ఈ రకాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆల్టిస్సిమాని కెనడా రకంలోనే ఒక భేదమని కొందరు, కాదు వేరే అని కొందరు, చాలాకాలం వాదించుకున్నారు. అలాంటప్పుడు "సాలిడాగో, కెనడా రకం గుంపు" అని రాసి తేదీ వేసి ఊరుకోవాలి. పరీక్షలో ఆ జవాబుకి మార్కులు రావు, నాకు తెలుసు. పొలంలో వస్తాయి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఈరోజు దారిలో పసుపు పూలు బోలెడు కనిపిస్తాయి. మీ అమ్మమ్మకి చూపించినా పేర్లు చెప్పేస్తుంది. కానీ ఆమె ఏం చూసి చెప్తోందో అడగండి. తంగేడుని పువ్వు లేనప్పుడు కూడా ఎలా గుర్తుపడుతుంది? ఆకు మొదట్లో చూడండి, కాండానికి అతుక్కుని చెవి ఆకారంలో రెండు పచ్చటి తమ్మెలు. శాస్త్రీయ నామంలో ఉన్న ఆరిక్యులేటా అంటే అదే, చెవులున్నది. పువ్వుకి ఐదు రేకులు, కేసరాలు ఒక్కో సైజులో. పుప్పొడి బయటికి రాలదు, కేసరం కొసన చిన్న రంధ్రం. నల్లటి తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని రెక్కల కండరాలు గజగజ వణికిస్తుంది, అప్పుడు రాలుతుంది. ఆ ఝుమ్మనే చప్పుడు ఎగిరే చప్పుడు కాదు, పనిచేసే చప్పుడు. ఉదయం పూట తంగేడు దగ్గర రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే తేడా మీకే వినిపిస్తుంది. ఫోనులో వీడియో తీయకండి, వినండి.

పల్లేరుకీ ఐదు రేకులే, నేల మీద పాకుతుంది, ముళ్ళకాయ. ఏనుగు పల్లేరు పేరుకే పల్లేరు, చుట్టరికం లేదు. పువ్వు గొట్టంలా ఉంటుంది. కొమ్మ నీళ్ళలో తిప్పితే నీళ్ళు జిగురు పడతాయి. సైన్స్ ల్యాబు అక్కర్లేదు, ఒక గ్లాసు చాలు. బ్రహ్మదండి తెంపితే పసుపు పాలు కారతాయి, ఆకు నిండా ముళ్ళు. దాని గింజల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో జనం ఒళ్ళు వాచి చనిపోయారు. గింజ చూస్తే ఆవగింజే అనుకుంటారు. గుర్తుపట్టడం అనేది ఊరికే సరదా కాదని దానివల్ల తెలిసింది. గడ్డి చామంతి మీకు చెప్పనక్కర్లేదు, మీ అమ్మా నాన్నలు పలకలు తుడుచుకున్న ఆకు అది. అంచున తెల్లటి రేకులు నాలుగైదు, ఒక్కొక్కదాని కొసన మూడు నొక్కులు. అది కూడా బంతి కుటుంబమే, అది కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే.

ఇక ఈ టేబుల్ మీది మొక్క. ముందుకి రండి, ఇద్దరు. అమ్మా, నువ్వు. ఆకులు కాండం మీద ఎలా ఉన్నాయి?

(ఒక విద్యార్థిని: "ఎదురెదురుగా ఉన్నాయి మేడమ్.")

జతలు జతలుగా. గోల్డెన్‌రాడ్ ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. పని అక్కడే అయిపోయింది. ఐనా ఆగద్దు. ఆకు తిప్పు. ఈనెలు?

("మూడు మేడమ్.")

మూడు! రేగు ఆకులాగా. యాప్‌ని ఏది మోసం చేసిందో నేను చెప్పలేను కానీ నన్నడిగితే దీన్నే అనుమానిస్తాను, మూడు ఈనెలు, పసుపు పూలు. పూలు చూడు. కొమ్మ పొడుగునా ఉన్నాయా? లేదు, కొమ్మ చీలే చోట ముద్దగా గుమిగూడి ఉన్నాయి. లెన్సు పెట్టి ఒక గిన్నె విప్పు. లోపల ఎన్ని పూలు? ఒకటి, లేకపోతే రెండు. ఊరు కాదు, ఒంటరి కొట్టం. విత్తనానికి జుట్టు లేదు. దీని పేరు ఫ్లేవేరియా ట్రైనెర్వియా. ట్రైనెర్వియా అంటేనే మూడు ఈనెలది. ఉప్పు తేలిన నేలల్లో, కాలవ గట్ల మీద, రోడ్డు పక్కన మన సీమంతా ఉంది. మీరు రోజూ దాన్ని తొక్కుకుంటూ వస్తున్నారు. ఒకసారి అనంతపురం దగ్గర చెనిక్కాయ చేలో పనిచేసే ఆయన్ని దీని పేరడిగితే "దీనికి పేరేంది మేడమ్, పిచ్చిచెట్టు, పీకి పారేస్తాం" అన్నాడు. పిచ్చిచెట్టే, కానీ ప్రపంచంలో కిరణజన్యసంయోగక్రియ మీద పనిచేసే ల్యాబుల్లో ఈ ఫ్లేవేరియా ఇంటిపేరు తెలియనివాళ్ళు ఉండరు. సీ త్రీ, సీ ఫోర్ అంటే మొక్కలు గాల్లోని కార్బన్‌ని పట్టుకునే రెండు పద్ధతులు; సీ త్రీ మొక్క సీ ఫోర్‌గా ఎలా మారిందో ఈ ఒక్క ప్రజాతిలోనే మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. మీ రెండో సంవత్సరం పాఠమే.

నాయనా, నిరాశపడకు. కెనడాది కాకపోయినా ఇదీ అమెరికా చుట్టమే. నువ్వు చేసిన తప్పల్లా పై నుంచి ఒక్క ఫోటో తీయడం. ఇకనుంచి యాప్‌కి చూపించినా సరే, మొక్క నిలబడ్డ చోటు, ఆకు కాండానికి అతికిన చోటు, ఆకు వెనక, పువ్వు కింద, ఇవన్నీ తీయి. అప్పుడు అది చెప్పింది నమ్మాలా వద్దా నీకే తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి, ఇంకో పది నిమిషాలుంది.

(ప్రశ్న: గోల్డెన్‌రాడ్ మన ఇంట్లో కుండీలో పెంచుకోవచ్చా?)

కుండీలో ఐతే సరే. నేల మీద వద్దంటాను. అది వేరు కింద నుంచి పాకి పిలకలు వేస్తుంది. అందం కోసమే యూరప్ తీసుకెళ్ళారు, ఇప్పుడు అక్కడా, చైనాలోనూ పొలాలకి పొలాలు ఆక్రమించింది. మనకి వయ్యారిభామ చాలదా?

(ప్రశ్న: దాంతో ఏమైనా ఉపయోగం ఉందా మేడమ్?)

ఈ ప్రశ్న మీ నాన్నగారు అడగమన్నారా? (నవ్వులు) ఎడిసన్, బల్బు ఎడిసన్, చివరి రోజుల్లో దీన్నుంచి రబ్బరు తీయాలని పట్టుబట్టాడు. 1927లో ఫోర్డు, ఫైర్‌స్టోన్‌లతో కలిసి ఫ్లోరిడాలో ఒక పరిశోధన సంస్థ పెట్టాడు. వేల రకాల మొక్కలు పరీక్షించి ఆకుల్లో రబ్బరు ఉన్న గోల్డెన్‌రాడ్‌ని ఎంచుకున్నాడు. దాన్ని సంకరం చేసి పన్నెండు అడుగుల ఎత్తు పెంచాడు. 1931లో ఆయన పోయాడు, ఆ తర్వాత అది వ్యాపారం దాకా రాలేదు. తేనె పట్టేవాళ్ళకి మాత్రం గొప్ప ఉపయోగం, చలికి ముందు పూసే చివరి పూలలో అవి ముఖ్యమైనవి.

(ప్రశ్న: పల్లెల్లో చెప్పే పేర్లు సైన్సుకి పనికొస్తాయా?)

మనం పోయేది ఎటో తెలుసు కదా. కలివికోడి, జెర్డాన్స్ కోర్సర్, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పక్కన దొరికింది. పట్టి చూపించింది పక్షిశాస్త్రవేత్త కాదు, అక్కడి ఊరి మనిషే. కాబట్టి ఈరోజు దారిలో గొర్రెలు కాసేవాళ్ళు కనిపిస్తే పేర్లు అడగండి. ఒకే మొక్కకి ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ రాసుకోండి, ఊరి పేరుతో సహా. ఒకే పేరుతో రెండు మొక్కలు చూపిస్తే ఇంకా మంచిది, రెండూ తెంపుకు రండి.

అదిగో, హారన్ కొడుతున్నాడు. నీళ్ళ బాటిళ్ళు, టోపీలు తీసుకోండి. లెన్సులు నాలుగే ఉన్నాయి, ఆరుగురికి ఒకటి. తంగేడు దగ్గర పొద్దున్నే ఆగుదాం, తుమ్మెదలు ఉన్నప్పుడే. తుత్తురుబెండ మాత్రం ఇప్పుడు చూసినా మొగ్గలే, అది మధ్యాహ్నం దాటాక విప్పుకుంటుంది. దాన్ని తిరిగొచ్చేటప్పుడు చూద్దాం, నాలుగింటికి కోట గోడ పక్కన. ఆ ఫ్లేవేరియాని పారెయ్యకు నాయనా, పేపర్లోనే పెట్టు, సాయంత్రం హెర్బేరియం షీటు మీద నువ్వే అతికించాలి.